పచ్చ శాలువామె ఇల్లు చేరిందా

నాకు రాయడం అలవాటు లేదు. నాలుగో తరగతితో బడి మానేశాను. ఉత్తరం రాయాలన్నా ఇంకొకరి చేత రాయించేదాన్ని. కానీ ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు "రాసి పెట్టమ్మా" అంటారు. అందుకని నోటితో చెప్పినట్టే రాస్తున్నాను. ఎక్కడైనా తడబడితే మీరే సర్దుకుని చదువుకోవాలి.

మా పుట్టిల్లు ధూల్‌పేట్. మా నాయన వినాయకుల విగ్రహాలకు రంగులు వేసే పనికి పోయేవాడు. డెబ్బైల్లో నన్ను యాకుత్‌పురాలో ఇచ్చారు. మా ఆయనకు రైల్వేలో నౌకరీ. అత్తగారింట్లో మాత్రం కాగితం సంచుల పని. మా మామ ఉస్మాన్‌గంజ్ పోయి రద్దీ దుకాణంలో, అంటే చిత్తుకాగితాల దుకాణంలో, పాత కాగితాలు తూకానికి కొని, సైకిల్ వెనక కట్టుకుని తెచ్చేవాడు. అత్తమ్మ, నేను వాకిట్లో ఎదురెదురుగా పీటలు వేసుకుని సంచులు అంటించేవాళ్ళం. మధ్యలో మైదాపిండి లై గిన్నె, అంటించే జిగురు అది.

కొత్తలో మా ఇద్దరికీ మాటలు తక్కువ. "లై పలచగైంది" అని ఆమె అంటే "ఊఁ" అని నేను. అంతే. ఆమె మంచిదే. కానీ గొంతు పెద్దది, నాకు భయం వేసేది.

రద్దీలో అప్పుడప్పుడు ఏ బంగళాలోనో అమ్మేసిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు వచ్చేవి. ఒంటికి అతుక్కునే రంగు బట్టలు తొడుక్కుని, ఆకాశంలో ఎగురుతూ, గోడలు పగలగొట్టే మనుషుల కథలు. ఆ కాగితం చిన్న సంచులకు సరిగ్గా సరిపోతుంది. నడుమ పిన్నులు పీకి, కాగితం పరిచి, రెండు అంచులూ కలిపి లై పూసి, అడుగు పైకి మడిచి అంటిస్తే సంచి అయిపోయినట్టే. అట్ట మాత్రం నున్నగా ఉంటుంది, లై పట్టదు. దాన్ని పొయ్యి రాజేయడానికి పక్కన పడేసేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ పని ఆపి ఒక కాగితం నా ముందు పెట్టింది.

"ఏమే, గీ ముసల్దాని బుజాల మీద పిట్టలెందుకున్నయి?"

నాకేం తెలుసు? ఆమెకు ఏ చదువూ రాదు, నాకు తెలుగు కూడబలుక్కుంటే వస్తుంది, ఆ పుస్తకమేమో ఇంగ్లీషు. ఊరికే ఉంటే బాగుండదని, "అవి చెప్పుడు పిట్టలు అత్తమ్మా. ఊళ్లె ఏమైనా ఆమెకు చెప్తయి" అన్నాను.

అత్తమ్మ నన్ను ఒకసారి చూసి, "అయితే మన పక్కింటామెకు గూడ గసొంటి పిట్టలున్నట్టున్నయి" అంది. ఇద్దరం పడి పడి నవ్వాం.

అప్పటి నుంచి బొమ్మల పుస్తకం వస్తే ముందు కథ, తర్వాతే సంచి. అలా రెండు జట్ల మనుషులు మాకు బాగా పరిచయమయ్యారు. ఒక జట్టు నాయకుడి ఛాతీ మీద గంట బొమ్మ ఉండేది, దానికి గంట జట్టు అని పేరు పెట్టుకున్నాం. రెండోది ఆ వెండి జుట్టు ముసలామె జట్టు, దానికి పిట్టల జట్టు అని. గంట జట్టు పుస్తకాలు వేరు, పిట్టల జట్టు పుస్తకాలు వేరు. ఒకరి పుస్తకంలో ఇంకొకరు ఎన్నడూ కనబడలేదు.

ఒకరోజు రద్దీ కట్ట విప్పితే పైనే ఒక పుస్తకం. అట్ట మీద రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి పళ్ళు కొరుకుతున్నాయి. అత్తమ్మ నోరు తెరిచింది.

"వీళ్ళు, వాళ్ళు ఒక్కతాన ఎట్ల కలిసిండ్రే? ఎవలింట్ల పెండ్లి?"

ఇక ఆమెకు అది పెళ్ళే. గంట జట్టు మగపెళ్ళివాళ్ళు, పిట్టల జట్టు ఆడపెళ్ళివాళ్ళు. లోపల పేజీలు తిప్పితే నిజంగానే తన్నుకుంటున్నారు. ఒకడు ఇంకొకడి మీద స్తంభం విసిరేస్తున్నాడు.

"చూసినవా, ఎదుర్కోళ్ళకు ఎవ్వలు రాలే. మగపెండ్లోళ్ళను ఊరి గవిని కాడ్నే నిలవెట్టిండ్రు. కోపం రాదా మరి?"

"పెండ్లికొడుకు ఏడి అత్తమ్మా?"

"ఉంటడేడనో. గుర్రం దొరికుండదు."

బొమ్మలను బట్టి చూస్తే, నిజానికి రెండు జట్లవీ రెండు వేరు వేరు లోకాలు. నడుమ ఒక వెలుగు దర్వాజా ఉంటుంది. పొగలాంటి ఒక మనిషి వాళ్ళ మధ్య కొట్లాట పెట్టాడు. ఆ సంగతి తెలుసుకుని రెండు జట్లూ కలిసి వాడి పని పట్టాయి. కానీ ఆఖరున దర్వాజా మూసుకుపోతోంది. గంట జట్టు వాళ్ళు ఒక్కొక్కరే దూకి తమ లోకంలో పడ్డారు. వాళ్ళలో ఒకామె మాత్రం, శాలువా కప్పుకున్న ఆమె, ఇవతలే ఉండిపోయింది. చెయ్యి చాచి ఉంది, దర్వాజా మూసుకుంది. అక్కడితో పుస్తకం అయిపోయింది. కింద ఏదో రాసి ఉంటే సాయంత్రం మా ఆయనకు చూపించాం. ఆయన చదివి, "మిగిలింది ఇంకో పుస్తకంల ఉన్నదట" అన్నాడు.

"అయ్యో, గట్లెట్ల ఇడిచిపెడ్తరు? పరాయిల్లు గదరా ఆమెకు!" అని అత్తమ్మ ఆ పుస్తకం రాసినవాళ్ళను తిట్టింది. ఆ పుస్తకాన్ని సంచులు చేయనివ్వలేదు. బియ్యం డబ్బా మీద పెట్టింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆమె శాలువా నీలం. మంచి ముదురు నీలం. మా నాయన రంగు గిన్నెల నడుమ పెరిగినదాన్ని, నీలమేదో పచ్చేదో నాకు తెలియదా? కానీ అత్తమ్మ మొదటి రోజే "పచ్చ శాలువామె" అంది. కొత్త కోడల్ని, కాదని ఎట్లా అంటాను? నేనూ పచ్చ శాలువామె అనే అన్నాను. ఇంట్లో అందరికీ అదే పేరు నిలిచింది.

ఆ తర్వాత మామ ఉస్మాన్‌గంజ్ పోయినప్పుడల్లా ఆ రెండో పుస్తకం కోసం అత్తమ్మ వెంటబడేది.

"నేను ఆడ కాయితం తూకమేపిస్తనా, లైబ్రరీ నడుపుతనా?" అని మామ విసుక్కునేవాడు. కానీ ప్రతిసారీ కట్టలు తిరగేసి చూసి వచ్చేవాడని రద్దీ ధూళి పట్టిన ఆయన చేతులే చెప్పేవి.

ఈలోపు అత్తమ్మ కళ్ళ సంగతి బయటపడింది. ఆమె సంచులు వంకరగా వస్తున్నాయి. దీపం చుట్టూ గుండ్రంగా వెలుగు కనబడుతోందని చెప్పేది. గడప దాటేటప్పుడు ముందు కాలితో తడిమి చూసేది. మా ఆయన పెద్దాసుపత్రికి తీసుకుపోతే, రెండు కళ్ళలోనూ పొర వచ్చింది, ఆపరేషన్ చేయాలి అన్నారు. ఆ రోజుల్లో కంటి ఆపరేషన్ అంటే కళ్ళకు కట్టు కట్టి, తల కదలకుండా రోజుల తరబడి పడుకోబెట్టేవారు. అత్తమ్మ చాలాకాలం తప్పించుకుంది. "నాకు మస్తు కనవడ్తది, మీకే ఫికరెక్కువ" అనేది. మా ఆయన ఎవరెవరినో బతిమాలి, ఆఖరికి ఒక సోమవారం నాడు మంచం దొరికేలా చేశాడు. అది తప్పితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమన్నారు. అత్తమ్మ సరే అంది. ముఖం మాత్రం చిన్నబోయింది.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం మామ సైకిల్ దిగి, సంచిలోంచి ఒక పుస్తకం తీసి అత్తమ్మ ఒళ్ళో పడేశాడు.

"ఇగో, నీ చుట్టాలు ఒచ్చిండ్రు."

అదే. రెండో పుస్తకం. అట్ట మీద వెలుగు దర్వాజా, దాని ముందు రెండు జట్లూ. పొద్దు వాలింది, అత్తమ్మకు ఆ వెలుతురు చాలదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే ఆమెకు కొంచెం కనబడేది. "రేపు పగటీలి చూద్దాం, చూసుకుంట చెప్పు" అని పుస్తకాన్ని తన పీట పక్కనే, కాగితాల మీద పెట్టుకుని పడుకుంది.

తప్పంతా అక్కడే అయింది. శనివారం పొద్దున నేను నల్లా దగ్గర వరుసలో నిలబడి నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. అత్తమ్మ చీకటితోనే పని మొదలుపెట్టి ఒక కట్ట సంచులు చేసేసింది. మామ అప్పటికే ఆ కట్టను తిప్పి చూడకుండానే తీసుకుని పుట్నాల బట్టీకి వెళ్ళిపోయాడు. రైలు గేటు దగ్గర శనగలు వేయించి పుట్నాలు అమ్మే ఆ బట్టీ భాయ్ మా రంగు సంచులే తీసుకునేవాడు, పిల్లలు బొమ్మల కోసం వస్తారని.

నేను బిందె దించి పొయ్యి దగ్గరికి పోయాను. రాజేయడానికి పెట్టిన చెత్తలో వెలుగు దర్వాజా కనబడింది. ఆ పుస్తకం అట్ట. ఒట్టి అట్ట.

"అత్తమ్మా, పుస్తకమేది?"

"గిదో, నా పక్కనే." చెయ్యి చాచి తడిమింది. అక్కడ పాత ఉర్దూ పేపరు ఉంది. మళ్ళీ తడిమింది. పీట కింద పీకిన పిన్నులు చేతికి తగిలాయి.

ఒక పిన్ను తీసి వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత అంది, "నేనే జేసిన్నా?"

నేను ఆ అట్టను ఆమె చేతిలో పెట్టాను.

"కండ్లు లేకున్నా చేతులు చూస్తయనుకున్ననే. అవి గూడ గుడ్డివే."

ఆమె గొంతు అంత చిన్నగా ఉండగా నేను వినడం అదే మొదటిసారి.

మా ఆయన రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక ఇంట్లో లొల్లి మొదలైంది. సోమవారం ఆసుపత్రికి రానని అత్తమ్మ చెప్పేసింది.

"బొమ్మల పుస్తకం కోసం కండ్లు పోగొట్టుకుంటవా అమ్మా? ఎవలన్న ఇంటే నవ్వుతరు!"

"నవ్వనియ్. ఆపరేషన్ ఖరాబైతే నువ్ జూపిస్తవారా నాకు? ఆమె ఇల్లు చేరిందా లేదా, గా సంగతి ఈ కండ్లతోని చూసినంక ఎటన్న తీస్కపోండ్రి."

"ఏడ ఎతకాలె ఇప్పుడు? సంచులై పోయినయి గద!"

అత్తమ్మ లేచి చెంగు దులుపుకుంది. "ఏడికి పోతయి, పుట్నాలు మోసుకుంట తిరుగుతయి. నడువే పిల్లా."

దారిలో నా భుజం పట్టుకుని నడుస్తూ లెక్క చెప్పింది. సంచులు చేసే వాళ్ళకే తెలిసిన లెక్క అది. బొమ్మల పుస్తకం నడుమ కుట్టి ఉంటుంది కదా. పిన్నులు పీకి పరిస్తే, మొదటి పేజీ ఉన్న కాగితం మీదనే ఆఖరి పేజీ కూడా ఉంటుంది. కథ మొదలూ తుదీ ఒకే కాగితం. సంచి అంటిస్తే ఒక పక్క మొదలు, ఇంకో పక్క తుది.

"మొదాలు పీకేది పైకాయితం. గదే మొదాలు సంచైతది, కట్టకు అడుగున పడ్తది. బట్టీ ఆయన కట్టను తలకిందులు ఏలాడగడ్తడు. అంటే మనది అందరికన్న ముందుంటది."

"ముందుంటే ముందే అమ్ముడుపోయుంటది కదా అత్తమ్మా!"

ఆమె నడక ఆగింది. అది ఆమెకు తట్టలేదు. "జల్ది నడువ్" అంది.

బట్టీ దగ్గర వేడి ఇసుకలో శనగలు చిటపటమంటున్నాయి. బట్టీ భాయ్ జల్లెడ పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"క్యా అమ్మా, మీరొచ్చిండ్రు? సంచులు ఇంక తెచ్చిండ్రా?"

"తేలేదు భయ్యా, తీస్కపోనీకొచ్చిన."

"అరె వాహ్! ఇచ్చేది మీరే, గుంజుకునేది మీరే?" అని నవ్వాడు. సంగతి చెబితే ఇంకా నవ్వాడు. కానీ సుతిలి తాడుకు వేలాడే కట్ట మా చేతికిచ్చాడు. నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. స్తంభాలు, పొగ మనిషి, ఎగిరే మనుషులు, అన్నీ నడిమి కాగితాలే. మొదటి పేజీ లేదు. అమ్ముడుపోయింది అనుకున్నాను. అత్తమ్మ ముఖం చూడాలంటే భయమైంది.

అప్పుడు తలెత్తితే, బట్టీ మీద మేకుకు ఒక సంచి. నిండా పుట్నాలు. దాని మీద పెద్ద అక్షరాలు, వాటి కింద రెండు జట్లు.

"అదే! అత్తమ్మా, అదే!"

బట్టీ భాయ్ జల్లెడ అడ్డం పెట్టాడు. "నక్కో, నక్కో. అది బోణీ పొట్లం. కొత్త కట్టల మొదాటిది అల్లా పేరు మీద తీస్త. పొద్దుగూకే ముందు ఫకీర్ సాబ్ వస్తడు, ఆయనకియ్యాలె. మా బాప్ కాలం నుంచి గదే రివాజ్."

"ఇంకో సంచిల పోసియ్యి భయ్యా, నేను కొత్తది జేసిస్త."

"కట్టింది విప్పితే బర్కత్ పోతది అమ్మా. మీరైతే విప్పుతరా?"

అత్తమ్మ కాసేపు ఆలోచించి, "నేనైతే గూడ విప్ప" అంది. అని అక్కడే అరుగు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

ఎండ మెల్లగా గోడ ఎక్కింది. రైళ్ళు వచ్చాయి, పోయాయి. గేటు పడినప్పుడల్లా జనం ఆగి పుట్నాలు కొనుక్కుంటుంటే, మా పుస్తకం ఒక్కో కాగితమే నలుదిక్కులా పోతోంది. బట్టీ భాయ్ మాకు టీ తెప్పించాడు. ఉబుసుపోక మొదటి పుస్తకం కథ అడిగాడు. అత్తమ్మ ఎదుర్కోళ్ళ కొట్లాట దగ్గర నుంచి ఎత్తుకుంది. ఆయన శనగలు మాడేదాకా విన్నాడు.

"పెండ్లిల లొల్లి కైకు అమ్మా? బిర్యానీ తక్కువైందా?"

"మీకాడ బిర్యానీకి, మాకాడ మర్యాదకు భయ్యా!"

ఫకీరు సాబు వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. తెల్ల గడ్డం, భుజాన జోలె. బట్టీ భాయ్ పొట్లం దించి రెండు చేతులతో ఇచ్చాడు. ఇంక ఆగలేక అత్తమ్మ లేచి నిలబడింది.

"బాబా, పుట్నాలు మీయి. కాయితం నాకియ్యుండ్రి."

ఆయన సంచిని అటూ ఇటూ తిప్పాడు. "ఇస్‌మే క్యా హై మాఁ? ఏమున్నది గిండ్ల?"

"ఒక ఆడిమనిషి ఇంటికి పోయిందో లేదో ఉన్నది."

ఆయన జోలె మూతి విప్పి పుట్నాలు అందులో గుమ్మరించుకుని, ఖాళీ సంచిని ఊది, ధూళి పోగొట్టి అత్తమ్మ చేతిలో పెట్టాడు.

సంచికి ఒక పక్క కథ మొదలు. ఇంకో పక్క తుది, అత్తమ్మ చెప్పినట్టే. కానీ పై బొమ్మలు మాత్రమే కనబడుతున్నాయి. దర్వాజా తెరుచుకుంది, అందరూ గుమిగూడారు, అంతే. అడుగు మడిచి అంటించిన చోట ఆఖరి బొమ్మ మడత లోపలికి పోయింది. నేను గోరు పెట్టబోతే అత్తమ్మ చెయ్యి మీద కొట్టింది.

"చింపకు. నా లై, నాకెరుక."

ఇంటికి వచ్చి, పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి సంచి అడుగును తడిపింది. కాసేపాగి, వేళ్ళ కొసలతో మడతను మెల్లగా, పసిపిల్ల పిడికిలి విప్పినట్టు విప్పింది. మామ, మా ఆయన కూడా వచ్చి నిలబడ్డారు. పొద్దున తిట్టిన మనిషే ఇప్పుడు నాకంటే ముందుకు వంగి చూస్తున్నాడు.

అత్తమ్మ తడి కాగితాన్ని పడమటి వెలుతురుకు పట్టి, కంటికి ఆనించుకుంది. కుడి కన్ను. ఎడమ కన్ను. మళ్ళీ కుడి.

"పచ్చగ కనవడ్తుంది. ఆమె ఉన్నది. ఏం జేస్తుందో తెలుస్తలేదు." కాగితం నాకిచ్చింది. "నువ్ జూడు. ఉన్నదున్నట్టు చెప్పు. నా కోసమని చెప్పకు."

లై పట్టి ఒక మూల రంగు లేచిపోయింది. మిగిలింది బాగానే ఉంది. చూశాను.

"పోతుంది అత్తమ్మా. దర్వాజా గడప దాటుతుంది. అటుపక్క వాళ్ళోళ్ళు నిలవడ్డరు."

"ఒక్కతే పోతుందా?"

"లేదు. పిట్టల ముసలామె చెయ్యి పట్టుకున్నది. దాటిస్తుంది."

"ముసల్ది గూడ అటు దాటిందా?"

"ఒక కాలు ఇటున్నది, ఒక కాలు అటున్నది."

"తోలిచ్చి ఒస్తదిలే," అంది అత్తమ్మ. కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని దండెం మీద, చీరల పక్కన ఆరేసింది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "సోమవారం వస్త. నా తోడు ఇది ఉంటది. నువ్వద్దు. నువ్ ఊకె గడియారం చూస్తవ్."

ఆసుపత్రిలో ఆమె కళ్ళకు కట్టు కట్టి పడుకోబెట్టారు. మంచం పక్కన కింద చాప వేసుకుని నేను. తల కదపకూడదు, నవ్వకూడదు అని నర్సమ్మ హెచ్చరించి పోయేది. ఆమె పోగానే అత్తమ్మ, "చెప్పు, మొదాటి నుంచి చెప్పు" అనేది. పక్క మంచాల ఆడవాళ్ళూ చెవులు ఇటు పెట్టేవారు. వాళ్ళవీ కట్టు కట్టిన కళ్ళే. ఎదుర్కోళ్ళకు రాకపోవడం ఆడపెళ్ళివాళ్ళ తప్పా, చెప్పకుండా వచ్చిన మగపెళ్ళివాళ్ళ తప్పా అని ఆ వార్డులో రెండు జట్లయ్యాయి. పొగ మనిషి వచ్చేదాకా కలవలేదు.

కట్టు విప్పిన తర్వాత కొన్నాళ్ళకు, గాజు సీసా అడుగంత మందం అద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని అత్తమ్మ ఇంట్లోకి వచ్చింది. ముందు మామను చూసి "గింత ముసలోడివైనవా?" అంది. నన్ను గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత బియ్యం డబ్బా మీద మొదటి పుస్తకంలో దాచిన ఆ కాగితం తీసుకుని వాకిట్లోకి పోయింది.

"ఏందే ఇది!"

ఏదో తప్పు చెప్పానేమోనని నేను పరుగెత్తాను.

"నీలం గదనే ఇది! మంచి నీలం. ఇన్నొద్దుల సంది పచ్చ పచ్చ అంటివి?"

"మీరే పచ్చన్నరు అత్తమ్మా."

"నేనంటే నువ్వంటవా? ధూల్‌పేట్ రంగులోళ్ళ బిడ్డవు!" అని పెద్ద గొంతుతో నవ్వింది. ఆ గొంతంటే నాకు భయం పోయి అప్పటికే చాలా రోజులైంది. "ఇగ ఏమేం దాచినవో ఏమో. మొదాటి పుస్తకం తే. మల్ల చూడాలె."

పీటలు వేసుకున్నాం, ఎదురెదురుగా కాదు, పక్కపక్కన. లై గిన్నె పక్కకు జరిపి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అన్నీ కొత్తగా చూసింది. స్తంభం అనుకున్నది స్తంభం కాదట, చెట్టట. ముసలామె భుజాల మీద పిట్టలు రెండు రంగులట. గంట నాయకుడు దర్వాజా మూసుకున్నప్పుడు ఏడ్చాడని మేమిద్దరం ఎన్నిసార్లు బాధపడ్డామో. దాని దగ్గర ఆగి, అద్దాలు సర్దుకుని, కాగితం దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"ఏడుస్తలేడే. చెమట అది. పెండ్లి పనులు గద."

మామ సంచుల కోసం వచ్చి చూసేసరికి ఒక్కటీ కాలేదు. గిన్నెలో లై గడ్డకట్టింది. "ఇయ్యాల బట్టీ ఆయనకు ఏం జెప్పాలె?" అన్నాడు.

"పచ్చ శాలువామె ఒచ్చిందని చెప్పు" అంది అత్తమ్మ, తల ఎత్తకుండా పేజీ తిప్పుతూ. నీలమని తెలిసినా ఆ పేరు మాత్రం మార్చలేదు.